టైటర్ 4.2 వచ్చింది, టీకా పనిచేయనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 26. బీఎస్సీ నర్సింగ్ చేసి నాలుగేళ్ళుగా కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో డయాలసిస్ యూనిట్‌లో ఉద్యోగం వచ్చింది. చేరేముందు హెపటైటిస్ బి టైటర్ రిపోర్టు, అంటే టీకా వల్ల రక్తంలో ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె, ఇవ్వమన్నారు. కాలేజీ మొదటి సంవత్సరంలో మాకు మూడు డోసులూ వేశారు. ఆ తర్వాత ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. మొదట వెళ్ళిన ల్యాబ్‌లో హెచ్‌బీఎస్ ఏజీ నాన్ రియాక్టివ్, అంటే నెగటివ్ అని ఇచ్చారు. అది పంపిస్తే హెచ్‌ఆర్ వాళ్ళు "ఇది కాదు" అన్నారు. రెండో ల్యాబ్‌లో టైటర్ 4.2 వచ్చింది. నమ్మకం కుదరక పది రోజుల తర్వాత మూడో చోట చేయిస్తే 7.8 వచ్చింది. పది ఉండాలట. నాకు టీకా పనిచేయలేదా? మళ్ళీ మూడు డోసులూ వేయించుకోవాలా? రెండు ల్యాబ్‌లలో ఎవరిది తప్పు? ఇంకో సంగతి. ఆ కాగితాలు మా మేనత్త చూసి, "పిల్లకి హెపటైటిస్ బి ఉందట" అని చుట్టాల్లో చెప్పింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. నాకు వేరే జబ్బులేమీ లేవు. జుట్టు రాలుతోందని వేసుకునే మాత్రలు తప్ప ఏ మందులూ వాడను.
– ఒక సోదరి, కాకినాడ

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మగారిని కూర్చోబెట్టి అన్నం తినిపించండి. మీకు హెపటైటిస్ బి లేదు. ఆ మాట చెబుతున్నది హెచ్‌ఆర్ వాళ్ళు తిప్పి పంపిన మీ మొదటి రిపోర్టే. దాన్ని పారేయకండి. మీ అత్తయ్యకి చూపించాల్సిన కాగితం అదే.

ఈ రెండు పరీక్షల పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి హెచ్‌బీఎస్ ఏజీ, ఇంకొకటి యాంటీ హెచ్‌బీఎస్. కౌంటర్‌లో తొందరలో ఉన్నవాళ్ళు ఒకటి రాయబోయి ఇంకొకటి రాయడం ల్యాబ్‌లో పనిచేసిన ఇన్నేళ్ళలో లెక్కలేనన్నిసార్లు చూశాను. డాక్టర్లే తప్పు రాసి పంపినవీ తక్కువేం కాదు. మొదటిది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌ను వెతికే పరీక్ష. వైరస్ పైపొరలో ఉండే ప్రోటీన్ మీ రక్తంలో ఉందా లేదా అని చూస్తుంది. 1960లలో బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఈ ప్రోటీన్‌ను మొదట గుర్తించాడు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆస్ట్రేలియా రక్తం పేరు మీదే దీన్ని చాలాకాలం ఆస్ట్రేలియా యాంటిజెన్ అనేవారు. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో "ఫలానా బెడ్ పేషెంటుకి ఆస్ట్రేలియా పాజిటివ్ అటండీ" అని అటెండర్ చెబితే, ఆ పేషెంటు విదేశం వెళ్ళొచ్చాడేమో అనుకున్నాను. రెండోది, అంటే యాంటీ హెచ్‌బీఎస్, ఆ ప్రోటీన్‌ను పట్టుకోవడానికి మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలుస్తుంది. మీ ఆసుపత్రి వాళ్ళు టైటర్ అన్నది దీన్నే.

ఇంట్లో వాళ్ళకి చెప్పాలంటే ఇలా చెప్పండి. మొదటి పరీక్ష ఇంట్లో పాము ఉందా అని చూడటం. రెండోది ముంగిస ఉందా అని చూడటం. పాము లేదని తేలింది. ముంగిస ఉంది గానీ చిక్కిపోయి ఉంది. ముంగిస చిక్కినంత మాత్రాన ఇంట్లో పాము ఉన్నట్టు కాదు కదా. ఇంకో పరీక్ష కూడా ఉంది, యాంటీ హెచ్‌బీసీ అని. అది కుబుసం కోసం వెతకడం లాంటిది. పాము ఇప్పుడు లేకపోయినా ఎప్పుడైనా వచ్చి వెళ్ళిందా అన్నది దాంతో తెలుస్తుంది. టీకాలో వైరస్ పైపొర ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది, లోపలి గుజ్జు భాగం ఉండదు. ఆ లోపలి భాగం మీద వచ్చే యాంటీబాడీయే యాంటీ హెచ్‌బీసీ. కాబట్టి ఎన్ని డోసులు వేసుకున్నా టీకా వల్ల అది పాజిటివ్ అవదు. యాంటీ హెచ్‌బీఎస్ మాత్రమే ఉంటే టీకా వల్ల వచ్చిన రక్షణ. రెండూ ఉంటే ఎప్పుడో జబ్బు సోకి తగ్గిపోయిందని అర్థం.

ఇక మీ 4.2 సంగతి. ఈ అంకెను మార్కుల లిస్టులా చూస్తున్నారు, అక్కడే చిక్కంతా. పదికి పైన పాసు, పదికి కింద ఫెయిలు అనుకుంటే ఆ పరీక్ష రాయాల్సిన రోజు ఒకటుంది. చివరి డోసు వేసుకున్నాక నెల నుంచి రెండు నెలల లోపు. అప్పుడు తీసిన రక్తంలో మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, అంతకు మించి ఉంటే టీకా పట్టినట్టు. ఆ గడువులో తీసిన అంకెకే ఈ హద్దు సరిగ్గా వర్తిస్తుంది. మీరు తీయించుకున్నది ఏడేళ్ళ తర్వాత. ఏడేళ్ళ తర్వాత వచ్చిన 4.2కి రెండు అర్థాలు ఉండొచ్చు. అప్పట్లో మీకు మూడు వందలో నాలుగు వందలో వచ్చి, ఏటా కరిగి ఇప్పుడు నాలుగు దగ్గర నిలిచి ఉండొచ్చు. లేదా అప్పుడే టీకా సరిగా పట్టకపోయి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో ఇవాళ్టి రిపోర్టు ఒక్కటీ చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. అప్పుడే ఒక్కసారి పరీక్ష చేయించి ఆ కాగితం మీ చేతికి ఇచ్చి ఉంటే ఈ టెన్షనే ఉండేది కాదు. నర్సింగ్ కాలేజీల్లో టీకా వేసి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటారు, రెండు నెలల తర్వాత టైటర్ తీయించాలన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. దాని మీద నాకు పాత కోపం ఉంది, అది వేరే సంగతి.

మొదటిది నిజమైతే, అంటే ఒకసారి పది దాటి తర్వాత తగ్గితే, మీకు రక్షణ ఉన్నట్టే. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. రక్తంలో యాంటీబాడీ తగ్గిపోయినా దాన్ని తయారు చేసిన కణాలు కొన్ని ఒంట్లో మిగిలిపోతాయి. వాటికి జ్ఞాపకం ఉంటుంది. వైరస్ మళ్ళీ ఎదురైతే అవి కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలను కుమ్మరిస్తాయి. హెపటైటిస్ బి వైరస్ ఏమో నిదానస్తురాలు. ఒంట్లోకి చొరబడ్డాక జబ్బుగా బయటపడటానికి రెండు నుంచి ఐదు నెలలు, సగటున మూడు నెలలు తీసుకుంటుంది. అంత తీరిక దొరికితే మన కణాలు తయారు కాకుండా ఉంటాయా. అలాస్కాలో 1981లో టీకా వేయించుకున్నవాళ్ళను ముప్ఫై ఏళ్ళు వెంట పడి మరీ గమనించారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత సుమారు సగం మందిలోనే అంకె పది పైన ఉంది. మిగిలిన సగంలో ముందుకొచ్చిన వాళ్ళకి ఒక్క బూస్టర్ డోసు వేసి నెల రోజులకి చూస్తే నూటికి 88 మందిలో పది దాటింది. జ్ఞాపకం అంటే అదీ. అందుకే ఆరోగ్యంగా ఉండి, ఒకసారి పది దాటినట్టు కాగితం ఉన్నవాళ్ళు ఆ తర్వాత ఏటా టైటర్లు తీయించుకోవాల్సిన పని గానీ, బూస్టర్ల పని గానీ లేదు.

రెండోది నిజమయ్యే అవకాశమూ కొట్టిపారేయలేం. నలభై ఏళ్ళ లోపు ఆరోగ్యవంతుల్లోనే నూటికి ఐదు నుంచి పది మందికి మూడు డోసులు వేసినా టీకా పట్టదు. వయసు పెరిగేకొద్దీ, బరువు ఎక్కువున్నా, పొగ తాగినా, షుగర్ ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా ఈ సంఖ్య పెరుగుతుంది. కొందరికి ఏ కారణమూ ఉండదు, పుట్టుకతో వచ్చిన జన్యువుల తీరు అంతే. అయితే ఒంటిని అనేముందు టీకా ఎలా వేశారన్నది కూడా అడగాలి.

నా సొంత కథ ఒకటి చెబుతాను. 1990ల మొదట్లో నేను పీజీ చేస్తున్నప్పుడు ఈ టీకా విదేశాల నుంచి రావాల్సిందే. మా స్టైపెండ్‌కి అది అందే ధర కాదు. పద్నాలుగు మందిమి చందాలు వేసుకుని, ఎవరో మద్రాసు వెళ్తుంటే ఐసు డబ్బాలో తెప్పించుకున్నాం. వార్డులో సిస్టర్ గారు చేయి చాలా తేలికని పేరు. అందరికీ నొప్పి తెలియకుండా నడుముకి వేసింది. మూడు డోసులూ అలాగే అయిపోయాయి. తర్వాత మా ల్యాబ్‌లోనే సరదాగా పరీక్ష పెట్టుకుంటే నాతో కలిపి ఐదుగురికి పది దాటలేదు. నాది ఆరు. ఏడుపొచ్చింది. అప్పుడు మా ప్రొఫెసర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడ వేయించుకున్నావమ్మా?" అని. నడుము కింద కొవ్వు ఎక్కువ. సూది కండలోకి పోకుండా కొవ్వులో ఆగిపోతే ఈ టీకా సరిగా పట్టదు. పెద్దవాళ్ళకి జబ్బకే వేయాలి, భుజం కింద డెల్టాయిడ్ కండలోకి. మళ్ళీ చందాలు వేసుకుని జబ్బకి వేయించుకున్నాం. నాది మూడంకెలకి చేరింది. (ఆ తర్వాత కొన్నేళ్ళకి, 1997లో, హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు షాన్‌వాక్ బి పేరుతో మన దేశంలోనే ఈ టీకా తయారుచేశారు. వరప్రసాద్ రెడ్డి గారి కంపెనీ. అప్పుడు గానీ ధర నేలకి దిగలేదు. మా చందాల డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.)

జబ్బ తర్వాత చూడాల్సింది ఫ్రిజ్. ఈ టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండ తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే పూర్తిగా చెడిపోతుందని మాత్రం చాలామందికి తెలియదు. జాగ్రత్త పేరుతో డీప్ ఫ్రీజర్‌లో పెట్టేసి, మర్నాడు తీసి కరిగించి వేసేవాళ్ళున్నారు. చూడ్డానికి మందు మందులాగే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు. కాబట్టి మీ కాలేజీ స్నేహితులను ఒక మాట అడగండి. మీతో పాటు అదే రోజు వేయించుకున్నవాళ్ళలో ఎవరైనా టైటర్ చేయించారా, ఎంత వచ్చింది? అందరికీ పదిలోపే ఉంటే తప్పు మీ ఒంటిది కాకపోవచ్చు. మిగతావాళ్ళకి వందల్లో ఉండి మీకొక్కరికే తక్కువైతే అప్పుడు ఆలోచన వేరేగా సాగుతుంది.

రెండు ల్యాబ్‌లలో ఎవరిది తప్పు అని అడిగారు. ఎవరిదీ కాకపోవచ్చు. ఈ పరీక్ష ఎలా చేస్తారో కొంచెం చెబితే అర్థమవుతుంది. యాంటీబాడీకి రెండు చేతులుంటాయి. మెషీన్‌లో ఒక చోట వైరస్ పైపొర ప్రోటీన్ అతికించి ఉంటుంది. మీ సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం, పోస్తే యాంటీబాడీ ఒక చేత్తో దాన్ని పట్టుకుంటుంది. తర్వాత అదే ప్రోటీన్‌ను వెలుగునిచ్చే పదార్థంతో కలిపి పోస్తారు. యాంటీబాడీ రెండో చేత్తో దాన్నీ పట్టుకుంటుంది. మిగిలింది కడిగేసి, ఎంత వెలుగు వస్తుందో కొలుస్తారు. ఎలీసా అనే ఇంకో పద్ధతిలో అయితే వెలుగుకి బదులు రంగు. ఒక్కో కంపెనీ అతికించే ప్రోటీన్ కొంచెం తేడాగా ఉంటుంది, యాంటీబాడీలూ మనిషి మనిషికీ తేడాగా ఉంటాయి. అందుకని వందల్లో ఉన్నప్పుడు అన్ని మెషీన్లూ 'రక్షణ ఉంది' అనే చెబుతాయి. పదికి అటూ ఇటూ ఉన్నప్పుడే ఒకటి నాలుగంటే ఒకటి ఎనిమిదంటుంది, ఇంకొకటి పన్నెండు అన్నా ఆశ్చర్యం లేదు. 4.2 నుంచి 7.8కి పెరిగిందని సంతోషించకండి, పది రోజుల్లో ఏదో మారిందనీ అనుకోకండి. రెండూ ఒకే మాట చెబుతున్నాయి, పదిలోపు ఉందని. నాలుగో ల్యాబ్‌కి వెళ్ళి పదిన్నర తెప్పించుకుంటే హెచ్‌ఆర్ వాళ్ళ ఫైలు నిండుతుందేమో గానీ మీ ప్రశ్న అలాగే మిగులుతుంది.

మీ ఉత్తరంలో చివరి వాక్యం మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. జుట్టు మాత్రలు. వాటి వెనక అట్ట తిప్పి చూడండి. బయోటిన్ అని ఉంటుంది, 5 మిల్లీగ్రాములో 10 మిల్లీగ్రాములో. మనిషికి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు మాత్రమే, మీరు దానికి వందల రెట్లు మింగుతున్నారు. దానివల్ల ఒంటికి పెద్ద నష్టమేం లేదు గానీ ల్యాబ్ మెషీన్లకి ఉంది. కొన్ని కంపెనీల పరీక్షల్లో ప్రోటీన్‌ను అతికించడానికి బయోటిన్ బంధాన్నే జిగురులా వాడతారు. మీ రక్తంలో తేలే బయోటిన్ ఆ జిగురు చోట్లన్నీ ముందే ఆక్రమిస్తే, యాంటీబాడీ ఉన్నా మెషీన్‌కి తక్కువగా కనిపిస్తుంది. మీ రెండు అంకెల తేడాకి ఇది కారణమో కాదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఈసారి రక్తం ఇచ్చే ముందు మూడు రోజులు ఆ మాత్రలు ఆపండి, ఆపిన సంగతి ల్యాబ్‌లో చెప్పండి. థైరాయిడ్ పరీక్షకీ ఇదే జాగ్రత్త. పరగడుపున వెళ్ళాల్సిన అవసరం మాత్రం లేదు, టిఫిన్ తినే వెళ్ళండి.

ఇప్పుడు చేయాల్సిన పని. మూడు డోసులూ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఒక్క డోసు వేయించుకోండి. పెద్దవాళ్ళ డోసు, 20 మైక్రోగ్రాములు, అంటే ఒక ఎం.ఎల్., జబ్బకి. వేసిన తేదీ, కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ కాగితం మీద రాయించుకోండి. తర్వాత నెల దాటాక, రెండు నెలల లోపు, యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష అంకెలతో వచ్చేలా చేయించండి. ఉత్త 'రియాక్టివ్' అని రాసిచ్చేది వద్దు. మీకు జ్ఞాపకం ఉన్న కణాలుంటే ఈ ఒక్క డోసుకే అవి లేస్తాయి, అంకె పది దాటడమే కాదు, చాలామందిలో వందల్లోకి పోతుంది. అలా వస్తే మీ కథ అక్కడితో ముగిసింది. ఆ కాగితం పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకోండి, ఏ ఆసుపత్రి అడిగినా అదే చూపించండి, ఇంకెప్పుడూ పరీక్ష అక్కర్లేదు.

అప్పటికీ పది దాటకపోతే ఇంకో రెండు డోసులు. అంటే ఇప్పటి డోసుతో కలిపి రెండో విడత మూడు డోసులు పూర్తవుతాయి, మొత్తం ఆరు. మొదటిసారి పట్టనివాళ్ళలో చాలామందికి రెండో విడతలో పడుతుంది. మళ్ళీ నెల, రెండు నెలల మధ్య పరీక్ష. అయినా రాకపోతే ఏడో డోసు, ఎనిమిదో డోసు అంటూ పోవడం కాదు, హెచ్‌బీఎస్ ఏజీ, యాంటీ హెచ్‌బీసీ చేయించాలి. కొందరిలో టీకా పట్టకపోవడానికి కారణం అప్పటికే వైరస్ ఒంట్లో ఉండటం. మీ విషయంలో హెచ్‌బీఎస్ ఏజీ ఇప్పటికే లేదని తేలింది కాబట్టి ఆ అనుమానం చాలావరకు తీరిపోయింది. అయినా నాలుగేళ్ళుగా రక్తంతో పనిచేస్తున్నారు. నేనే మీ స్థానంలో ఉంటే యాంటీ హెచ్‌బీసీ టోటల్ ఇప్పుడే ఒకసారి చేయించేసేదాన్ని. మీరు పుట్టేనాటికి సర్కారు టీకాల జాబితాలో హెపటైటిస్ బి లేదు. 2002-03లో కొన్నిచోట్ల మొదలై, 2011-12కి గానీ దేశమంతటికీ రాలేదు. కాలేజీలో మొదటి డోసు పడేదాకా మీకు ఏ రక్షణా లేనట్టే లెక్క.

ఒక జాగ్రత్త. డోసు వేసుకున్న మూడు వారాల లోపు హెచ్‌బీఎస్ ఏజీ పరీక్ష చేయించకండి, రక్తదానమూ చేయకండి. టీకాలో ఉన్నది అదే ప్రోటీన్ కాబట్టి కొద్దిరోజులు అది రక్తంలో కనిపించి తప్పుడు పాజిటివ్ రావచ్చు. మీ అత్తయ్య చేతికి అలాంటి కాగితం దొరికితే ఇంకేమైనా ఉందా.

హెచ్‌ఆర్ వాళ్ళతో వాదించకండి, వాళ్ళు ఫైల్లో అంకె కోసం చూస్తారు. ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అని ఒకరుంటారు, ఆమెతో మాట్లాడండి. "మూడు డోసులు అయ్యాయి, టైటర్ తగ్గింది, ఫలానా తేదీన ఒక డోసు వేయించుకున్నాను, ఫలానా వారంలో టైటర్ ఇస్తాను" అని మెయిల్ పెట్టండి. ఆమెకి ఈ భాష అర్థమవుతుంది. అన్నట్టు, రేపెప్పుడైనా ఇంగ్లండ్ వెళ్ళే ఆలోచన ఉంటే తెలుసుకోండి. అక్కడ హద్దు వంద. పదికీ వందకీ మధ్య ఉంటే ఇంకో డోసు వేస్తారు. మన వాళ్ళు చాలామంది అక్కడికి వెళ్ళాక 40 వచ్చిందని కంగారు పడుతుంటారు. అది జబ్బు కాదు, అక్కడి పద్ధతి.

డయాలసిస్ యూనిట్ అంటున్నారు కాబట్టి ఇంకొంచెం. ఈ అంకెల గొడవ మీకన్నా మీ పేషెంట్లకి ముఖ్యం. కిడ్నీలు చెడినవాళ్ళకి టీకా సరిగా పట్టదు, పట్టినా జ్ఞాపకం మీద ఆధారపడలేం. అందుకే వాళ్ళకి డోసు రెట్టింపు, 40 మైక్రోగ్రాములు. సాధారణంగా నాలుగుసార్లు వేస్తారు, మొదటి రోజు, నెలకి, రెండు నెలలకి, ఆరు నెలలకి. ఏటా టైటర్ చూస్తారు, పదిలోపు పడితే బూస్టర్ వేస్తారు. మీకు వర్తించని 'ఏటా పరీక్ష' నియమం వాళ్ళకి వర్తిస్తుంది. ఈ తేడా తెలియక యూనిట్లలో స్టాఫ్‌కీ ఏటా టైటర్లు తీసేవాళ్ళున్నారు, పేషెంట్లకి తీయడం మరిచిపోయేవాళ్ళూ ఉన్నారు. హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్ పేషెంట్లకి మెషీన్ వేరేగా ఎందుకు పెడతారో మీకు తెలిసే ఉంటుంది. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది. టేబుల్ మీద కంటికి కనపడని చుక్క చాలు.

ఈ రెండు నెలల్లో సూది గుచ్చుకుంటే ఏం చేయాలో ముందే తెలుసుకుని ఉండండి. రక్షణ లేని మనిషికి, వైరస్ జోరుగా ఉన్న పేషెంటు సూది గుచ్చుకుంటే నూటికి ముప్ఫై మందికి దాకా సోకవచ్చు. హెచ్‌ఐవీ విషయంలో అది వెయ్యికి ముగ్గురు. అందరూ హెచ్‌ఐవీకి భయపడతారు, దీన్ని పట్టించుకోరు. గుచ్చుకున్న వేలిని పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగండి. వెంటనే చెప్పండి, "చిన్న గీతే కదా" అని దాచకండి. ఆ పేషెంటు హెచ్‌బీఎస్ ఏజీ చూస్తారు. పాజిటివ్ అయి, మీ టైటర్ పదిలోపే ఉంటే హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ వేయాలి. ఇది టీకా కాదు, తయారైన యాంటీబాడీలే. ఇరవైనాలుగు గంటల లోపు వేస్తే మంచిది, సూది గుచ్చుకున్న కేసుల్లో ఏడు రోజులు దాటాక ప్రయోజనం ఉంటుందని చెప్పలేం. దాంతోపాటు వేరే చోట టీకా డోసు కూడా. ఈ ఇంజెక్షన్ పడ్డాక కొన్ని నెలల దాకా టైటర్ తీయించి ప్రయోజనం లేదు, కనిపించేవి మీవి కావు, అరువు తెచ్చుకున్నవి.

ఒకవేళ ఆరు డోసులకీ పట్టలేదనుకోండి. ఆ ఉద్యోగానికి మీరు పనికిరారని కాదు. మీకు రక్షణ లేదని మీకూ మీ ఆసుపత్రికీ తెలుసని అర్థం. సూది గుచ్చుకుంటే ఇమ్యునోగ్లోబులిన్ నెల తేడాతో రెండుసార్లు వేస్తారు. టీకా వేసుకున్నాం కదా అని ధీమాగా ఉండి, అసలు పట్టిందో లేదో తెలియని వాళ్ళకన్నా మీరు నయం.

ఇది చదివి మిగతా పాఠకులు టైటర్ల కోసం ల్యాబ్‌లకి పరిగెత్తకండి. మామూలు మనుషులకి, బడి పిల్లలకి ఈ పరీక్ష అక్కర్లేదు. చాలా చోట్ల టీకా ధర కన్నా ఈ పరీక్ష ధరే ఎక్కువ. ఆసుపత్రుల్లో రక్తంతో పనిచేసేవాళ్ళు, డయాలసిస్ పేషెంట్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు, భార్యకో భర్తకో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు చేయించుకోవాలి. తల్లికి పాజిటివ్ ఉండి పుట్టిన బిడ్డకి పన్నెండు గంటల లోపు టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ వేస్తారు కదా, ఆ బిడ్డకి తొమ్మిది నెలలు నిండాక, ఏడాది లోపు హెచ్‌బీఎస్ ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ రెండూ చూడాలి. అంతకన్నా ముందు చూస్తే ఇంజెక్షన్‌తో ఇచ్చిన యాంటీబాడీలే కనిపించి మోసం చేస్తాయి.

ఇక మీ అత్తయ్య. ఆవిడ కావాలని అన్నారని నేననుకోను. రిపోర్టు నెత్తిన పెద్ద అక్షరాలతో హెపటైటిస్ బి అని ఉంటే, కింద అంకెల పక్కన తక్కువ అని ఉంటే, చదివినవాళ్ళు ఎవరైనా కంగారు పడతారు. గొడవ పడకుండా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పాము, ముంగిస సంగతి చెప్పండి. వినకపోతే మీ ఊరి డాక్టర్ గారితో ఒక మాట చెప్పించండి, మన పెద్దవాళ్ళు ఇంట్లో పిల్ల నర్సు అయినా సరే బయటి డాక్టరు మాటే వింటారు. పెళ్ళివారు అడిగితే దాచాల్సినదేమీ లేదు, చెప్పాల్సిన జబ్బూ లేదు. టీకా వేసుకోవడానికి పెళ్ళి అడ్డు కాదు, తర్వాత గర్భం వచ్చినా, బిడ్డకి పాలిస్తున్నా మిగిలిన డోసులు వేసుకోవచ్చు. టీకాలో బతికున్న వైరస్ ఉండదు, ఈస్ట్‌లో పెంచి తీసిన ప్రోటీన్ అది. ఇంకా చెప్పాలంటే అబ్బాయికి టీకా అయ్యిందా అని మీరే అడగండి, మర్యాదగా.

డోసు వేసుకున్నాక వచ్చే అంకె నాకు రాయండి. మీ కాలేజీ స్నేహితుల అంకెలు కూడా దొరికితే పంపండి, పేర్లు వద్దు. ఆ ఫ్రిజ్ మీద నాకు అనుమానం ఇంకా పోలేదు.